నెమ్మది వారం

హర్మెన్ రక్తం ఇచ్చి వచ్చిన రోజున ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే ఇంట్లో తెలిసిపోయేది. మోచేతి మడతలో దూది, దాని మీద అడ్డంగా అంటించిన పట్టీ, ముఖంలో ఏదో పని ముగించుకొచ్చిన నిదానం. ఆ సాయంత్రం పరుగు ఉండదు. మర్నాడూ ఉండదు. ఆ తర్వాత వారం పాటు ఐసెల్ నది గట్టు మీద పరుగని పేరే గానీ నడక కంటే కాస్త ఎక్కువగా కదులుతుంటాడు. రక్తం తగ్గిన ఒంటికి ఊపిరి చాలదు, కాళ్ళు బరువెక్కుతాయి. డెవెంటర్ ఊళ్ళోని వాళ్ళ పరుగు క్లబ్బులో దాన్ని 'నెమ్మది వారం' అనేవాళ్ళు.

అతని భార్య యోరీన్‌కు నెమ్మది అన్న మాటే గిట్టదు. బజారు వీధిలో కళ్ళద్దాల దుకాణం నడుపుతుంది. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ఆమె మామూలుగా నడిచి వస్తున్నా ఎదుటివాళ్ళు పక్కకు తప్పుకుంటారు. నలభై దాటిన ఆడవాళ్ళలో క్లబ్బులో ఆమెను దాటినవాళ్ళు లేరు. మొగుడు ఎలాగూ దాటలేడు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ కలిసి బయల్దేరేవాళ్ళు. గట్టెక్కేసరికి అతనికి ఆమె వీపు కనిపించేది, వంతెన దగ్గరికి వచ్చేసరికి అదీ కనిపించేది కాదు. దాని గురించి ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ బాధపడలేదు. కనీసం యోరీన్ అలా అనుకుంది.

సాస్కియా వచ్చింది ఆ తర్వాత చాలా ఏళ్ళకు. విడాకులు తీసుకుని అర్నెమ్ నుంచి ఈ ఊరొచ్చి సిటీ బస్సు నడిపే ఉద్యోగంలో చేరింది. యాభైకి దగ్గర పడిన మనిషి, బొద్దుగా ఉంటుంది, నవ్వితే గట్టు మీద మేసే గొర్రెలు తలెత్తి చూస్తాయి. క్లబ్బులో అందరికంటే వెనక పరుగెత్తేదీ ఆమే, అందరికంటే ఎక్కువ మాట్లాడేదీ ఆమే. ఆమె కూడా ఏళ్ళ తరబడి రక్తం ఇస్తున్న మనిషేనని ఒకరోజు మాటల్లో బయటపడింది. అప్పటి నుంచి హర్మెన్, ఆమె ఒకే రోజున వెళ్ళి ఇచ్చి రావడం మొదలుపెట్టారు. దాంతో ఇద్దరి నెమ్మది వారం ఒకటే అయింది.

మే నెలలో ఒక సాయంత్రం యోరీన్ తన రోజువారీ చుట్టు ముగించుకుని గట్టు మీద తిరిగి వస్తుంటే దూరంగా ఇద్దరు కనిపించారు. చేతులూపుకుంటూ, ఒకరి భుజం ఒకరికి తగులుతున్నా పట్టించుకోకుండా, పిల్లలు బడి నుంచి వస్తున్నట్టు వస్తున్నారు. దగ్గరపడ్డాక చూస్తే హర్మెన్ తల వెనక్కి వాల్చి నవ్వుతున్నాడు. అతని పైవరుసలో ఒక పన్ను కాస్త వంకరగా ఉంటుంది. ఆ పన్ను చూసి ఎంతకాలమైందో యోరీన్‌కు గుర్తు రాలేదు. "హలో!" అని చెయ్యెత్తి, వేగం తగ్గించకుండా వాళ్ళను దాటి వెళ్ళిపోయింది. ఇల్లు చేరేవరకు ఆ పన్నే కళ్ళ ముందు ఉంది.

రాత్రి వంటకు బంగాళాదుంపలు ఒలుస్తూ అడిగింది.

"ఏంటి, అంత నవ్వొచ్చే సంగతి?"

"ఎవరికి?"

"నీకే. గట్టు మీద. పళ్ళన్నీ బయటపడ్డాయి."

"ఓ, అదా!" హర్మెన్‌కు మళ్ళీ నవ్వొచ్చింది. "సాస్కియా బస్సులో ఒక ముసలాయన మేకను ఎక్కిస్తానన్నాట్ట. కుక్కలకైతే ఏదో పద్ధతుంది, మేకకు ఏం చెయ్యాలని ఈవిడ డిపోకి ఫోన్ చేసిందట. వాళ్ళేమో మేక కూర్చుంటుందా, నిలబడుతుందా అని అడిగారట!"

"చివరికి ఎక్కిందా?"

"ఏది?"

"మేక."

"అది అడగనేలేదు," అన్నాడు హర్మెన్. కళ్ళు తుడుచుకుని, "నువ్వూ రావచ్చుగా మాతో. ఈ వారం," అన్నాడు.

"మీ నత్తల ఊరేగింపుకా?" అంది యోరీన్. కానీ 'మాతో' అన్న మాట ఆమెకు చెప్పులో రాయిలా తగిలింది. పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో 'మేము' అంటే తనూ అతనూ మాత్రమే.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. "అవునూ, ఇదివరకు ఏడాదికి ఐదుసార్లు వెళ్ళేవాడివిగా రక్తానికి? ఈమధ్య మూడేసార్లే వెళ్తున్నట్టున్నావు?"

"ఆడవాళ్ళ దగ్గర మూడుసార్లే తీసుకుంటారు కదా. సాస్కియాతో కలిసొస్తుందని..."

"ఓహో. ఆమె కోసం నువ్వూ ఆడదానివయ్యావన్నమాట."

హర్మెన్ దాన్ని కూడా జోకనుకుని నవ్వాడు. యోరీన్ కత్తి కింద పెట్టి, ఒలిచిన దుంపల్ని అవసరానికి మించి కడిగింది.

ఆ వారంలోనే ఒకరోజు నిజంగానే వాళ్ళతో బయల్దేరింది. సాస్కియా చాలా సంతోషించింది. "రామ్మా రా, మహారాణి దిగి వచ్చింది!" అని పక్కకు జరిగి మధ్యలో చోటిచ్చింది. యోరీన్ ఎంత ప్రయత్నించినా కాళ్ళు మాట వినలేదు. నాలుగడుగులకే ముందుకు పోయేది, ఆగేది, వాళ్ళు వచ్చేదాకా అక్కడే గెంతుతూ నిలబడేది. వెనక వాళ్ళ మాటలు సగం సగం వినపడేవి.

"ఈసారి ఎడమ చెయ్యేనా?"

"ఎడమే. కుడిచేతి నరం అలిగింది."

ఇద్దరూ పగలబడి నవ్వారు. అలిగిన నరం కథేమిటో యోరీన్‌కు తెలియదు. అడగడానికి మనసు ఒప్పలేదు. మొగుడి చేతి నరం గురించి పరాయి మనిషిని అడగాలా? సగం దూరంలో, "నేను కొంచెం కాళ్ళు సాగదీసుకొస్తాను," అని వాళ్ళను వదిలేసి, ఊపిరి గొంతులోకి వచ్చేదాకా పరుగెత్తింది.

తన ఈడు వాళ్ళెవరినైనా, సన్నగా చలాకీగా ఉన్న మనిషినెవరినైనా చూసి కుళ్ళుకుంటే తనకు తానైనా చెప్పుకోగలిగేది. ఆ బస్సు డ్రైవర్ని చూసి, ఆ బొద్దు పిక్కల్ని చూసి, ఆ పసుపురంగు టోపీని చూసి కడుపు మండుతుంటే ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకోలేదు. దుకాణంలో ఎవరి కళ్ళకో అద్దాలు మార్చి మార్చి చూపిస్తూ, "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడుగుతున్నప్పుడు కూడా మనసంతా గట్టు మీదే ఉండేది. సాస్కియా నడిపే బస్సు దుకాణం ముందు నుంచి పోయే వేళలు ఆమెకు తెలియకుండానే కంఠతా వచ్చేశాయి.

ఆగస్టు చివర్లో ఒక నిర్ణయానికి వచ్చింది. తను కూడా రక్తం ఇస్తుంది. అప్పుడు తన కాళ్ళూ బరువెక్కుతాయి, తనకూ నెమ్మది వారం ఉంటుంది. హర్మెన్ పక్కన ఆ వారమంతా తనుంటుంది. సాస్కియా ఎక్కడుంటుందో అది సాస్కియా చూసుకోవాలి. ఎవరికీ చెప్పకుండా దుకాణాన్ని అక్కడ పనిచేసే అమ్మాయికి అప్పగించి, సైకిలెక్కి బ్లడ్ బ్యాంక్‌కు వెళ్ళింది.

కొత్తవాళ్ళను మొదట పరీక్ష చేసి పంపిస్తారు. డాక్టరమ్మ చిన్న వయసుదే. జబ్బులు, మందులు, ప్రయాణాలు వరసగా అడుగుతూ పోయింది.

"ఎప్పుడైనా మీకు రక్తం ఎక్కించారా?"

"ఎక్కించారు. మా అమ్మాయి పుట్టినప్పుడు. చాలా పోయింది, బతకననే అనుకున్నారట." యోరీన్ గర్వంగానే చెప్పింది. "ఇప్పుడు బాగా ఉన్నాను. హాఫ్ మారథాన్లు పరుగెత్తుతాను."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "అయితే మీ దగ్గర తీసుకోవడానికి వీల్లేదండి. ఒకసారి ఇంకొకళ్ళ రక్తం ఎక్కినవాళ్ళ దగ్గర మేము తీసుకోం. మీ ఆరోగ్యంలో లోపమేం లేదు, జాగ్రత్త కోసం పెట్టిన నియమం."

"ఎన్నాళ్ళ వరకు?"

"ఎప్పటికీ అండి."

వెంటనే బయటికి పోతే కళ్ళు తడుస్తాయేమోనని యోరీన్ కాఫీ బల్ల దగ్గర కూర్చుంది. అక్కడ మీప్ అనే డెబ్భై ఏళ్ళ ఆవిడ జీతం లేకుండా కాఫీ పోస్తుంది, వచ్చినవాళ్ళకు తేనె కేకు ముక్కలు కోసి పెడుతుంది. ఆమె యోరీన్ ముఖం చూసి అడక్కుండానే రెండు ముక్కలు పెట్టింది.

"ఇవ్వనివ్వలేదా? ఏం పర్లేదమ్మాయ్. తినడానికి ఏ నియమమూ లేదు. నీ పేరేంటి? ఓ, నువ్వు హర్మెన్ భార్యవా! ఆయన, ఆ సాస్కియా వచ్చారంటే ఇక్కడ ఇంక ఎవరికీ సూది నొప్పి తెలియదు. నేనైతే చాలాకాలం వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలే అనుకున్నాను!"

మీప్ చేతిని నోటికి అడ్డం పెట్టుకుని తన పొరపాటుకు తనే నవ్వింది. యోరీన్ కప్పు బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత నోట్లోంచి వచ్చిన మాట ఆమె అనాలని వచ్చి కూర్చున్న మాట కాదు.

"సాస్కియా జూన్లో పోర్చుగల్ వెళ్ళి పచ్చబొట్టు పొడిపించుకొచ్చింది. చీలమండ మీద, చేప. పచ్చబొట్టు పొడిపించుకుంటే కొన్ని నెలల దాకా రక్తం తీసుకోరటగా? మీవాళ్ళకి తెలుసో లేదో..."

మీప్ నవ్వు ఆగిపోయింది. కేకు కోసే కత్తిని తువ్వాలుతో తుడుస్తూ, "ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకుంటారిక్కడ," అంది. యోరీన్ రెండో ముక్క అలాగే వదిలేసి లేచింది.

సాస్కియాను ఈసారికి రానివ్వరు, హర్మెన్ ఒక్కడే వెళ్తాడు, ఒక్కడే వస్తాడు. ఆ తలపు ఇంటిదాకా సైకిల్ను తోసింది. సిగ్గు కూడా వేసింది గానీ సిగ్గు వెనక సీట్లో కూర్చుంది.

సెప్టెంబరు వచ్చింది. హర్మెన్ రక్తం ఇవ్వాల్సిన రోజు దాటిపోయింది. అతని మోచేతి మడతలో పట్టీ కనిపించలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం రొట్టె మీద చీజ్ పెట్టుకుంటూ యోరీన్ మామూలుగా అడిగినట్టు అడిగింది.

"రక్తానికి వెళ్ళలేదేం?"

"అక్టోబరుకి మార్చుకున్నాను. సాస్కియాకి పచ్చబొట్టు ఉంది కదా. ఊరి నుంచి వచ్చిన మర్నాడే ఫోన్ చేసి చెప్పేసిందట. అప్పటిదాకా ఆగమన్నారు. ఒక్కడినే ఏం వెళ్తానని నేనూ మార్చేసుకున్నాను."

యోరీన్ నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది. తను పనిగట్టుకుని చెప్పొచ్చిన మాట వాళ్ళకు జూన్లోనే తెలుసు. ఆ పచ్చబొట్టు వల్ల జరిగిందల్లా హర్మెన్ తన రోజును కూడా ఆమె వెంట తీసుకుపోవడం.

"అక్టోబరులో ఎప్పుడు?"

అతను తారీఖు చెప్పాడు. అది గట్టు పరుగుకు నాలుగు రోజుల ముందు. పక్క ఊరు ఓల్స్ట్ దాకా వెళ్ళి అదే గట్టు మీద తిరిగొచ్చే ఆ పరుగు క్లబ్బు ఏడాది పొడవునా ఎదురుచూసే పండగ. ఈసారి ఎప్పటికంటే తక్కువ సమయంలో ముగిస్తానని హర్మెన్ చలికాలం నుంచీ అంటూ ఉన్నాడు.

"అంటే పరుగు పాడు చేసుకుంటావన్నమాట. ఆవిడ సూది కోసం."

"పాడేముంది, నెమ్మదిగా పరుగెత్తుతాను."

"ఆవిడతో."

"ఆవిడతో." హర్మెన్ కత్తి పక్కన పెట్టాడు. "ఏమైంది యోరీన్?"

"ఏం కాలేదు! ఊళ్ళో వాళ్ళు మీ ఇద్దర్నీ మొగుడూ పెళ్ళాలనుకుంటున్నారు, అంతకంటే ఏం కాలేదు! ఇరవయ్యేళ్ళు నీతో పరుగెత్తాను, ఒక్కసారి నా కోసం ఒక్క రోజు మార్చుకున్నావా?"

"నాతో పరుగెత్తావా?" అన్నాడు హర్మెన్. గొంతు పెంచలేదు. "నాతో బయల్దేరావు. అంతవరకే. నీ వెనక ఇరవయ్యేళ్ళు ఒక్కడినే పరుగెత్తాను నేను. ఆవిడ పక్కన ఉంటే నేను వెనకబడను, యోరీన్. అంతే."

"ఇష్టమా ఆవిడంటే?"

వెంటనే కాదంటాడనుకుంది. అతను కిటికీలోంచి బయటికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆ వారం కోసం ఎదురుచూస్తాను. అదొక్కటే తెలుసు నాకు."

యోరీన్ పళ్ళెం తీసుకెళ్ళి సింకులో పడేసింది. పళ్ళెం పగల్లేదు. పగిలితే బాగుండుననిపించింది. అతనికి వీపు పెట్టే, "నేనూ ఇద్దామని వెళ్ళాను రక్తం. వద్దన్నారు. ఎప్పటికీ వద్దన్నారు. మన ఎల్స్కె పుట్టినప్పుడు నాకు ఎక్కించారు కదా, అందుకని," అంది.

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"ఎల్స్కె పుట్టిన నెలకే నేను మొదటిసారి వెళ్ళాను. అప్పుడే చెప్పారు. నీకు ఎక్కించింది ఎవరిదో తెలియదు కదా. ఎవరిదో ఒకరిది. నేనూ ఎవరో ఒకరికి ఇద్దామని వెళ్ళాను."

"నాకెప్పుడూ చెప్పలేదు."

"ఎందుకు ఇస్తున్నావని నువ్వెప్పుడూ అడగలేదు."

ఆ తర్వాత ఇద్దరూ మర్యాదగా ఉన్నారు. ఉప్పు అందించమంటే అందించుకున్నారు. తలుపు దగ్గర ఎదురైతే దారిచ్చుకున్నారు. అక్టోబరులో ఒక సాయంత్రం హర్మెన్ మోచేతికి పట్టీతో వచ్చాడు. యోరీన్ చూసీ చూడనట్టు ఊరుకుంది.

పరుగు రోజున చలి లేదు, అక్టోబరుకు తగని ఎండ. బయల్దేరే గీత దగ్గర యోరీన్ ఎప్పటిలాగే ముందు వరసలో నిలబడింది. ఎవరో జనాన్ని తప్పించుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డారు. చూస్తే హర్మెన్.

"ఇవాళ నీతో," అన్నాడు.

"నాలుగు రోజులేగా అయింది?"

"బాగానే ఉన్నాను."

వద్దనాలని యోరీన్‌కు తెలుసు. అంత రక్తం పోయిన ఒంటితో ఈ ఎండలో తన వేగానికి ఎవరూ నిలవలేరనీ తెలుసు. కానీ వెనక, చాలా వెనక, జనం మధ్యలో ఒక పసుపు టోపీ కనిపించింది. అది ఒంటరిగా ఉంది. మెడ చాచి వీళ్ళ వైపే చూస్తోంది. యోరీన్ గుండెలో ఏదో తియ్యగా కరిగింది.

"సరే. కానీ వెనకబడితే ఆగను."

"ఆగొద్దు."

ఆమె తన వేగంతోనే మొదలుపెట్టింది. నిజం చెప్పాలంటే దానికంటే కాస్త ఎక్కువే. ఊరు దాటి గట్టెక్కేదాకా అతను భుజం పక్కనే ఉన్నాడు. గొర్రెల కంచెలు దాటాక అతని ఊపిరి వినపడటం మొదలైంది. మొదట బరువుగా, తర్వాత చివర్లో చిన్న ఈలతో. ఆ ఈల మంచిది కాదని యోరీన్ ఎందరికో చెప్పి ఉంటుంది. క్లబ్బులో కొత్తవాళ్ళ ఊపిరి అలా పలికితే భుజం పట్టుకుని ఆపేది. ఇప్పుడు ఆపలేదు. ఈల కాసేపు వెంట వచ్చింది. తర్వాత వినపడలేదు. వెనకబడి ఉంటాడు, నడుస్తూ వస్తాడులే అనుకుంది. తిరిగి చూడలేదు. చూస్తే వేగం తగ్గుతుంది.

ఓల్స్ట్ దగ్గర మలుపు తిరిగి అదే గట్టు మీద వెనక్కి వస్తుంటే ఎదురుగా మిగతావాళ్ళు రావడం మొదలైంది. "యోరీన్, ఆడవాళ్ళలో నువ్వే ముందు!" అని ఎవరో కేకేశారు. ఎదురొచ్చే ముఖాలన్నీ వెతికింది. హర్మెన్ లేడు. పసుపు టోపీ కూడా లేదు. ఇంకా కొంతదూరం వచ్చాక గట్టు వాలులో గడ్డి మీద కనిపించారు.

హర్మెన్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముఖం మైనంలా ఉంది. అతని రెండు పాదాలు సాస్కియా ఒళ్ళో ఉన్నాయి. ఆమె అతని బూట్లు విప్పేసి, రెండు చేతులతో అరికాళ్ళు రుద్దుతోంది. యోరీన్‌కు మొదట కనిపించింది ఆ చేతులే. మైనం ముఖం ఆ తర్వాతే కనిపించింది. ఆ వరసకు తర్వాత చాలా రోజులు ఆమె తనను తాను తిట్టుకుంది.

ఆగింది.

"పో, పరుగెత్తు. ముందున్నావుగా," అన్నాడు హర్మెన్, కళ్ళు సగం తెరిచి.

"ఏమైంది?"

"ఏమవుతుంది?" సాస్కియా తలెత్తలేదు. "పడ్డాడు. నేను వెనక మెల్లగా వస్తుంటే గడ్డిలో కనిపించాడు. మనిషికి రక్తమే తక్కువుంటే నువ్విలా ఈడ్చుకుపోతావా? నీ చేతిలో ఏమన్నా తాడుందా? నిలబడితే గాలికి అడ్డంగానన్నా నిలబడు. ఆ పనికైనా వస్తావు."

యోరీన్‌తో జీవితంలో ఎవరూ అలా మాట్లాడలేదు. వెళ్ళి గాలికి అడ్డంగా నిలబడింది. ఆడవాళ్ళ గుంపొకటి దాటిపోయింది, తర్వాత ఇంకొకటి. సాస్కియా నడుముకు కట్టుకున్న సంచిలోంచి తేనె కేకు ముక్క తీసి హర్మెన్ నోట్లో చిన్న చిన్నగా పెట్టింది. కాసేపటికి అతని పెదాలకు రంగొచ్చింది. ప్రథమ చికిత్స వాళ్ళ చిన్న బండి వచ్చింది. చూసి, నీళ్ళు తాగించి, ప్రమాదం లేదని చెప్పి ఎక్కించుకున్నారు. ఇంకొకరికి చోటు లేదు. బండి వెళ్ళిపోయింది. గట్టు మీద ఆడవాళ్ళిద్దరే మిగిలారు.

పరుగెత్తడానికి ఇద్దరికీ బుద్ధి పుట్టలేదు. ఊరి చర్చి గోపురం వైపు నడవడం మొదలుపెట్టారు.

"మీప్ చెప్పింది," అంది సాస్కియా. "నువ్వక్కడికి వచ్చావని. నా చేప గురించి కూడా."

యోరీన్ చెవులు వేడెక్కాయి. "హర్మెన్‌కి చెప్పావా?"

"ఎందుకు చెప్పాలి?"

"చెప్తే నీకే లాభంగా."

సాస్కియా నవ్వకుండా ఉండలేకపోయింది. "అబ్బ, నీ బుర్ర కూడా నీ కాళ్ళలాగే పరుగెడుతుందే!"

"ఇష్టమా నీకు, ఆయనంటే?"

"ఇష్టమే." ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చేపనే దాచుకోలేకపోయాను, ఇదేం దాస్తాను. అయితే భయపడకు, ఎత్తుకుపోను. ఒకడితో పదిహేనేళ్ళు వేగి బయటపడ్డాను. ఇంకొకడి మేజోళ్ళు ఎక్కడున్నాయో నేను వెతికి పెట్టాలా? వారం రోజులు పక్కన నవ్వే మనిషి ఉంటే చాలు నాకు."

"నేను నిన్ను నమ్మాలంటావు."

"నమ్మకు. నీ చోట్లో నేనుంటే నమ్మను."

గొర్రెలు దారికి అడ్డంగా వచ్చాయి. అవి దాటేదాకా ఆగారు. సాస్కియా ఈసారి యోరీన్ వైపు తిరిగి అడిగింది.

"ఒక్కటి చెప్పు. ఆయన ఊపిరి నీకు వినపడలేదా?"

లేదనేస్తే సరిపోయేది. అక్కడ సాక్షులెవరూ లేరు.

"వినపడింది," అంది యోరీన్.

సాస్కియా ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకుండా ఉండటం యోరీన్ మొదటిసారి చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. ఊరు వచ్చేదాకా ఇద్దరూ అలాగే పక్కపక్కన నడిచారు. చివర్లో జనం చప్పట్లు కొట్టారు, ఎందుకు కొడుతున్నారో వాళ్ళకే తెలియాలి.

ఇంటికొచ్చేసరికి హర్మెన్ సోఫాలో దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. యోరీన్ బూట్లయినా విప్పకుండా నేల మీద కూర్చుంది.

"నీ ఊపిరి వినపడింది నాకు. కావాలనే ఆగలేదు. ఆవిడ చూస్తోందని."

హర్మెన్ పైకప్పు వైపు చూశాడు. "నేను కూడా ఆగమని పిలవలేదు. నువ్వు చూస్తున్నావని."

"ఇద్దరం వెధవలమే," అంది యోరీన్. ఆపైన ఏడుపొచ్చింది. హర్మెన్ దుప్పటిలోంచి చెయ్యి తీసి ఆమె చెమట జుట్టు మీద పెట్టాడు. మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది. ఆ మధ్యాహ్నం కొంత మాట్లాడుకున్నారు. మిగతాది ఆ చలికాలమంతా పట్టింది, మధ్యలో రెండు మూడుసార్లు గొంతులు లేచాయి కూడా.

సాస్కియా తనంతట తనే రోజు మార్చుకుంది. బస్సు డ్యూటీ కుదరడం లేదంది. హర్మెన్ కాసేపు దిగాలుగా ఉన్నాడు, దాన్ని దాచుకోలేదు. మళ్ళీ ఏడాదికి ఐదుసార్లు వెళ్ళడం మొదలుపెట్టాడు. అతని నెమ్మది వారంలో యోరీన్ పక్కన పరుగెత్తుతుంది. ఇప్పటికీ సరిగా రాదు. తెలియకుండా పదడుగులు ముందుకు పోతుంది, గుర్తొచ్చి వెనక్కి తిరిగొచ్చి అతని చుట్టూ ఒక చుట్టు తిరిగి మళ్ళీ పక్కన చేరుతుంది. "నన్నేమన్నా గొర్రెననుకున్నావా, చుట్టూ తిరుగుతావు?" అంటాడు హర్మెన్. కొన్ని రోజులు మాటలు కలుస్తాయి, కొన్ని రోజులు కలవవు. ఎందుకు ఇస్తున్నావు, ఎలా ఉంటుంది, సూది గుచ్చినప్పుడు ఎటు చూస్తావు అని ఆమె అడుగుతుంది. అలిగిన నరం కథ కూడా అడిగి తెలుసుకుంది. అంత నవ్వొచ్చే కథేమీ కాదు.

ఇవ్వడానికి వీల్లేని మనిషికి బ్లడ్ బ్యాంకులో ఇంకేం పనుంటుందని మీప్‌ను అడిగితే, "గురువారాలు నా మోకాళ్ళు పనిచెయ్యవు, వచ్చి కాఫీ పొయ్యి," అంది. యోరీన్ గురువారాలు వెళ్ళడం మొదలుపెట్టింది. ఎందుకు వెళ్తున్నావని అడిగితే, నాకు రక్తమిచ్చినవాళ్ళు ఇలాంటి బల్ల దగ్గరే కూర్చుని ఉంటారు కదా అని చెబుతుంది. అది నిజమే. ఎవరెవరు ఏ రోజున వస్తున్నారో అక్కడ కూర్చుంటే తెలుస్తుందన్నదీ నిజమే. మొదటిది పెద్ద నిజమా రెండోదా అంటే, ఆమె కూడా చెప్పలేదు.

మార్చిలో ఒక గురువారం సాస్కియా వచ్చింది. రక్తం ఇచ్చి, చొక్కా చెయ్యి దించుకుంటూ కాఫీ బల్ల దగ్గరికొచ్చి, అక్కడ పాలు పోస్తున్నది ఎవరో చూసి ఒక్క క్షణం ఆగి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఓహో. మేనేజరు మారారే."

"చక్కెర?"

"రెండు."

యోరీన్ కప్పు పెట్టింది. కేకు కోసింది, ముక్క పెద్దదే కోసింది. సాస్కియా సగం తిన్నాక మామూలుగా అడిగినట్టే అడిగింది.

"హర్మెన్ ఎలా ఉన్నాడు? ఈ నెల్లో వస్తున్నాడా?"

"బాగున్నాడు. వస్తాడు."

"ఎప్పుడు?"

ఎప్పుడో యోరీన్‌కు తెలుసు. వచ్చే మంగళవారం.

"ఏమో," అంది. "వస్తాడు ఎప్పుడో."

సాస్కియా ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత తల వెనక్కి వాల్చి, పడుకుని ఉన్న దాతలంతా ఇటు తిరిగి చూసేలా నవ్వింది. నవ్వి నవ్వి, ఖాళీ కప్పు ముందుకు తోసింది. యోరీన్ నవ్వలేదు. కానీ కూజా ఎత్తి, అంచు దాకా పోసింది.